చేతులు చూపెట్టి లోపటికి రా

మా చిన్నప్పుడు... బాపు డ్యూటీ దిగి వస్తే అమ్మ ముందు ఆయన ముఖం చూసేది కాదు, చేతులు చూసేది. గడపకు అడ్డంగా నిలబడి "చేతులు చూపెట్టి లోపటికి రా" అనేది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బాపుది ప్రెస్సు మిషన్ మీద పని. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, పైనుంచి దిమ్మ దబ్బున పడుతుంది. చెయ్యి తీయడం ఆలస్యమైతే... అంతే. మా గల్లీలో అన్ని వేళ్లూ ఉన్న ప్రెస్సు ఆపరేటర్ కావాలంటే వెతుక్కోవాల్సిందే!

ఒకనాడు బాపు రెండు వేళ్లు మడిచి, ఎర్రగుడ్డ చుట్టుకుని, మూలుగుతూ వచ్చాడు. అమ్మ గడపలోనే కూలబడింది. ఆయన మెల్లగా వేళ్లు విప్పి పకపకా నవ్వాడు. ఆనాడు పొయ్యి దగ్గరి ఊదుగొట్టం ఆయన వీపు మీద బాగా ఆడింది. నాకీ కోతివేషాలు ఎవరి నుంచి వచ్చాయో తెలిసిందా?

కొన్నాళ్లకు మళ్లీ గుడ్డ చుట్టుకుని వచ్చాడు. అమ్మ నవ్వుతూ ఊదుగొట్టం ఎత్తింది. ఈసారి బాపు వేలు విప్పలేదు... విప్పడానికి వేలు లేదు.

ఇప్పుడు నేనూ ప్రెస్సు షాపులోనే. పోయిన దసరా ఆయుధపూజకు బాపును తీసుకెళ్లాను. కొబ్బరికాయ కొట్టి, ఆ ఏడాదే కొత్తగా వచ్చిన రోబోను నడిపించారు. పసుపురంగు ఇనుప చెయ్యి... వంగుతుంది, రేకు అందుకుంటుంది, పెడుతుంది, దిమ్మ పడేలోపు తప్పుకుంటుంది. చాయ్ అడగదు, బీడీకి పోదు, సూపర్‌వైజర్‌ను తిట్టదు. మేం రోజంతా తీసే మాలు పొద్దెక్కేలోపే తీసి పడేస్తుంది. కడుపుమంట పక్కన పెడితే... ఎంత ముచ్చటైన పనో!

"అరే, దీని వేలు తెగితే?" అన్నాడు బాపు.

"ఇంకోటి బిగిస్తరు బాపు."

"అబ్బ... మా కాలంల ఎందుకు రాలేదిరా గిది!" అంటూ దాని మోచేతికి కుంకుమ బొట్టు పెట్టాడు. తర్వాత చుట్టూ చూశాడు. "మరి ఈడ నిలబడెటోళ్లంత ఏడికి వోయిన్రు?"

ఇద్దరం దాని బటన్లు నేర్చుకుని మిగిలాం. పని పోయినవాళ్లలో ఒకతను అమీన్‌పూర్‌లో వాచ్‌మన్, ఇంకొకతను ఆటో... చెప్పాను.

"జెర జల్దీ నేర్సుకో బిడ్డా. అది నీకంటె హుషారుగుంది."

రెండో రోబో వస్తుందని కంపెనీలో మాట. మా ఆమె ఇప్పుడు గడపలో నిలబడి నా ముఖం చూస్తుంది. "ఏమన్నరు? ఉంచుతరా?" నేనూరుకుంటానా? బాపు వేళ్లు మడిచినట్టు నేను ముఖం ముడుస్తాను. ఆమె కళ్లు తడిసేలోపే పకపకా నవ్వేస్తాను. ఊదుగొట్టాలు పోయాయి కానీ చపాతీ కర్ర ఉంది కదా...

నా పది వేళ్లూ భద్రంగా ఉన్నాయి. ఆ ఇనుప చెయ్యి చల్లగుండాలి! కానీ గడపలో వాటిని పట్టుకుని చూసేవాళ్లే లేరు...

పనికి పోయినవాళ్లు తిరిగొస్తే మీ ఇంట్లో మొదట ఏం చూసేవాళ్లు?