బీడీల అవ్వతో చూసిన సినిమా

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో, పాపను ఒడిలో పెట్టుకుని ఫోన్‌లో సినిమా చూస్తున్నాను. పేరున్న ఒక నవలా రచయిత్రి పడుచు వయసులోని ప్రేమకథ. పక్కన బీడీల మూటతో కూర్చున్న అవ్వ కూడా తొంగి చూస్తోంది.

"పిలగాడు మంచిగనే ఉన్నడు. పెండ్లి చేసుకుంటదా?"

"చేసుకోదవ్వా. పుస్తకాలు రాసుకుంట ఉండిపోతది."

"నువ్వు రాస్తవా?"

"రాసేదాన్ని. బిడ్డ పుట్టినంక చేతనైతలేదు."

"నాకు ఒక తొడ మీద బిడ్డ, ఒక తొడ మీద బీడీల చాట. గట్లనే నడిచింది."

ఇంతలో పాప ఏడ్చింది. అవ్వ కిటికీలోంచి చేతులు చాపి, పొగాకు వాసన పోయేదాకా సీసా నీళ్లతో కడుక్కుంది.

"ఇటియ్యి. నువ్వు సినిమా చూడు."

కొత్తవాళ్లకు పాపను ఎప్పుడూ ఇవ్వని నేను ఇచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో పాప నా ఎడమ తొడ మీద నిద్రపోతోంది. కుడి తొడ మీద ఈ నోటుబుక్కు ఉంది.