ఇంటి వైరు

ముందే చెప్తున్నా. ఇందులో నేను కలిపింది ఒక్క మాట కూడా లేదు. నాకు వైర్లు కలపడం వచ్చు గానీ మాటలు కలపడం రాదు. మా నాయన నలభై ఏళ్లు చర్చిలో గంట కొట్టిన మనిషి. ఆయన మీద ఒట్టు. ఇది అబద్ధమైతే రేపటి నుంచి స్క్రూడ్రైవరు ముట్టను.

నవ్వకండి. నవ్వేవాళ్లు ఇప్పుడే టీ తాగేసి పోండి.

ఇంకో మాట. ఇట్లాంటివి చెప్పమంటే మీకు అర్ధరాత్రి కావాలి, కుక్కలు ఏడవాలి. ఇది జరిగినప్పుడు ఎనిమిది కూడా కాలేదు. పక్కింట్లో ట్రాన్సిస్టర్‌లో పాటలు వస్తున్నాయి. ఎవరో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అందుకే నాకు ఈ రోజుకీ ఎక్కువ భయం.

ఎనభయ్యో సంవత్సరానికి అటూ ఇటూ. నంద్యాలలో స్టేషను దారిలో మస్తాన్ ఉస్తాద్ షెడ్డు ఉండేది. కార్లకు, లారీలకు కరెంటు పని. డైనమో, హారను, లైట్లు, వైపర్లు... అన్నీ. పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. కోపం ఎక్కువ. ఒక్క స్క్రూ వదులుగా ఉంటే వీధంతా వినబడేట్టు తిట్టేవాడు. కానీ నాకు జ్వరమొస్తే ఇంటికి వచ్చి తలదగ్గర కూర్చున్నది కూడా ఆయనే.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. రెండు వైర్లు కలిపితే ఊరికే టేపు చుట్టడు. మన ఎండలకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది కదా. అందుకని మైనం పట్టించిన దారం చుట్టి, ముడి వేసి, దాని మీద టేపు. మాకందరికీ అదే నేర్పాడు. అయితే ఆయనది ఎడమచేతి వాటం. మా దారం కుడికి తిరుగుతుంది. ఆయన దారం ఎడమకు తిరుగుతుంది. చీకట్లో వేలితో తడిమినా, ఇది ఉస్తాద్ ముడి అని నేను చెప్పేసేవాణ్ని.

ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి కూడా. వైపరు మోటారుకు ఒక వైరు ఉంటుంది. మీరు స్విచ్చి ఆపేస్తారు. అప్పటికి కడ్డీలు అద్దం నడిమధ్యన ఉంటాయి. అయినా అక్కడే ఆగిపోవు. ఆ వైరు ఇంకొంచెం కరెంటు ఇచ్చి, వాటిని కిందికి తెచ్చి, వాటి చోట పడుకోబెడుతుంది. పుస్తకాల్లో దానికి ఏం పేరుందో నాకు తెలియదు. ఉస్తాద్ మాత్రం ‘ఇంటి వైరు’ అనేవాడు.

“అరే రత్నం, పని అయినాక ఎవరైనా ఇంటికి పోవాల గదరా. అదీ పోవాల. నడిదోవలో నిలబెట్టేస్తే ఎట్ల?” అనేవాడు. ప్రతి వైపరు పనికీ చివర్లో ఒకటే ప్రశ్న. “ఇంటి వైరు కట్టినావా?”

ఆ ఒక్కసారి... అడగడానికి ఆయన లేడు.

పుల్లన్న అని ఒక టాక్సీ డ్రైవరు. ఊరు ఉయ్యాలవాడ, టాక్సీ తిప్పేది ఆళ్లగడ్డ నుంచి. నల్ల కారు. మనిషి భలే నవ్వించేవాడు. ఒక వానాకాలం సాయంత్రం వచ్చాడు. వైపరు మోటారు కాలిపోయింది. బస్టాండు దగ్గర పెళ్లివాళ్లు కాచుకొని ఉన్నారట. ఉస్తాద్ మగ్రిబ్ నమాజుకు పోయాడు. నేనొక్కణ్నే.

“బేగా కానీప్పా రత్నం. పెండ్లికూతురు నన్ను తిడ్తాంటాది ఆడ” అన్నాడు.

షెడ్డులో ఒక పాత మోటారు ఉంది, బాగానే తిరుగుతుంది. దాన్ని బిగించాను. కానీ దాని ఇంటి వైరు పొట్టిగా ఉంది. నాలుగు వేళ్లంత తక్కువ. ఒక ముక్క చేర్చి, దారం చుట్టాలి. పది నిమిషాల పని.

చేర్చలేదు. కొనకు టేపు చుట్టి, లోపలికి తోసేశాను.

సరే, కట్టలేదే అనుకో, ఆ మాటైనా చెప్పాలి కదా! ‘పుల్లన్నా, కడ్డీలు కింద ఉన్నప్పుడు చూసి స్విచ్చి ఆపుకో’ అంటే అయిపోయేది. అదీ చెప్పలేదు. చెప్తే పని పూర్తి చెయ్యలేదని తెలుస్తుంది. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, పొగరు. “అంతా బాగుంది పోన్నా” అన్నాను.

పది రోజుల తర్వాత శిరివెళ్ల దాటినాక, వాన పడి వెలిసిన రాత్రి, కారు రోడ్డు దిగి వంకలో పడింది. పుల్లన్న అక్కడికక్కడే పోయాడు.

నిద్రపట్టింటాది అన్నారు కొందరు. బర్రె అడ్డమొచ్చింటాది అన్నారు. నాకు మాత్రం కళ్లు మూస్తే ఒకటే కనబడేది. వాన వెలిసింది. పుల్లన్న స్విచ్చి ఆపాడు. కడ్డీ సరిగ్గా ఆయన కంటి ఎదురుగా నిలబడిపోయింది. ఎదురుగా లారీ వెలుతురు...

కారును తెచ్చి పోలీస్ స్టేషను ఆవరణలో పెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడట. దానికి ముందు లైట్లు, బ్యాటరీ చూడమని ఉస్తాద్‌కు కబురొచ్చింది. నేను లేచాను.

“నువ్వు ఈడే ఉండు. నేను పోయొస్తా” అన్నాడు.

గంటలో వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. నా మొహం చూడలేదు. ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు కూడా. కాగితాల్లో బండిలో లోపమేమీ లేదని రాశారని తర్వాత తెలిసింది.

మరుసటేడు ఉస్తాద్ పోయాడు. గుండె నొప్పి. షెడ్డు నా చేతికొచ్చింది. ఇంటి వైరు కట్టని మాట ఆయనతో ఎప్పుడూ చెప్పలేదు. ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో.

ఇంకో వానాకాలం. ఆళ్లగడ్డ నుంచి కబురు. వీరాచారి అని ఒక శిల్పి. కారుకు వైపరు మోటారు మార్చాలి, తెల్లారితే బనగానపల్లెకు విగ్రహం తీసుకుపోవాలి, వాన చూస్తే ఆగేట్టు లేదు, ఎట్లయినా రావాలని. కొత్త మోటారు సంచిలో వేసుకొని సాయంత్రం బస్సెక్కాను.

దిగి, ఆయన ఇంటికి పోయి, కారును చూశాను.

అదే కారు.

ముందుభాగం రేకు మార్చారు. రంగు కొత్తది. కానీ నాకు తెలియదా? కుడి తలుపు లోపలి పిడి దగ్గర పుల్లన్న సిగరెట్టుతో కాల్చిన మచ్చ కూడా అట్లాగే ఉంది. రెండు కడ్డీలూ అద్దం నడిమధ్యన నిలబడి ఉన్నాయి.

సంచి కూడా దించకుండా నిలబడిపోయాను.

“ఏందప్పా, అట్ల నిలబడితివి?” అన్నాడు ఆచారి. నెరిసిన గడ్డం, ఒళ్లంతా రాతి పొడి. “నిన్న రాత్రి తిరుగుతా తిరుగుతా ఆడే ఆగిపాయ. మోటారు కాలిన వాసన వచ్చె.”

ఆ ఇంటి ముందు రేకుల పంచ. పంచ నిండా విగ్రహాలు. అన్నీ పూర్తయినట్టే ఉన్నాయి, కళ్లు మాత్రం లేవు. నేను చూస్తుంటే ఆయనే చెప్పాడు, “కండ్లు అన్నీ అయినాక కడాకు తెరుస్తాం.” చెప్పి, నాకు అన్నం పెట్టించడానికి లోపలికి పోయాడు.

ఊళ్లో కరెంటు లేదు. లాంతరు ఒకటి ఇచ్చారు. కారు బయట తుంపరలో ఉంది. ముందు బ్యాటరీ వైరు విప్పేశాను. విప్పిన పానా నా జేబులో పెట్టుకున్నాను. ఇది ఖాయం. ఆ బరువు తొడకు తగులుతూనే ఉంది. మోటారు బయటికి తీశాను. నేను బిగించిన మోటారే. దాని వైర్ల వైపు చూడలేదు. చూడబుద్ధి కాలేదు. కత్తిరించి, గోనెసంచి మీద బోర్లా పెట్టాను. వాన కొంచెం పెరిగింది. బానెట్ దించి, పంచ కింద కూర్చొని, లాంతరు ముందు పెట్టుకొని కొత్త మోటారు తుడుస్తున్నాను.

పక్కింట్లో పాట... పిల్లల ఎక్కాలు... రేకుల మీద చినుకులు...

కిర్ర్ర్...

తల ఎత్తలేదు. గాలి అనుకున్నాను.

కిర్ర్ర్ర్...

తడి అద్దం మీద రబ్బరు ఈడ్చుకుపోయే చప్పుడు. ఎనిమిదేళ్లుగా రోజూ వింటున్నాను. నాకు ఇంకో చప్పుడుతో పొరపాటు పడే అవకాశం లేదు.

తల ఎత్తాను.

కుడి కడ్డీ కదులుతోంది. డ్రైవరు వైపుది. అదొక్కటే. మెల్లగా... చాలా మెల్లగా... పైకి పోయింది. పైన ఒక్క క్షణం నిలబడింది. మళ్లీ దిగింది. ఎడమది కదల్లేదు. వినండి, రెండింటికీ లోపల తీగ ఒకటే. ఒకటి కదిలితే రెండోది కదలాలి. మోటారు లేదు. బ్యాటరీ లేదు. మోటారు నా కాళ్ల దగ్గర గోనె మీద ఉంది.

కుడి కడ్డీ కిందికి వచ్చి... దాని చోట పడుకుంది.

టక్.

అది తుడిచిన చోట అద్దం శుభ్రంగా అయింది. లాంతరు వెలుతురు అందులోంచి లోపలికి పోతోంది. సీటు కనబడుతోంది. ఖాళీ. ఎవరూ లేరు. ప్రమాణంగా ఎవర్నీ చూడలేదు. కానీ అద్దానికి లోపలి వైపు... డ్రైవరు నోరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో... చిన్న మసక. ఊపిరి తగిలినట్టు. అరచేయంత పెరిగింది. తగ్గింది. మళ్లీ పెరిగింది...

అరవాలనిపించలేదు. పరిగెత్తాలనీ అనిపించలేదు. ఏడుపొచ్చింది. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్నది ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

“పుల్లన్నా... ఆ పొద్దు ఇంటి వైరు నేను కట్టలేదన్నా. నీకు చెప్పను కూడా చెప్పలేదు. తప్పు నాదేన్నా...”

మసక తగ్గింది. మళ్లీ పెరగలేదు.

“ఎవురితో మాట్లాడ్తాండావప్పా?”

వెనక ఆచారి, చేతిలో పళ్లెం. నా మొహం చూసి పళ్లెం కింద పెట్టాడు. నేను అద్దం వైపు చెయ్యి చూపించాను. ఆయన చూశాడు. ఒక కడ్డీ నడిమధ్యన, ఒకటి కింద.

“మోటారు తీసినాక వదులైంటాది. గాలికి పడింటాది” అన్నాడు.

అయ్యుండొచ్చు. పాత బండి, లోపల పళ్లు అరిగి ఒక కడ్డీ తీగ నుంచి జారి ఉండొచ్చు. లాంతరు వేడికి అద్దం మసకబారి ఉండొచ్చు. ఇవన్నీ నాకు ఆయనకంటే బాగా తెలుసు. మరి పడేది కిందికి కదా పడాలి? ముందు పైకి ఎందుకు పోయింది?

అప్పుడు గోనె మీద బోర్లా ఉన్న పాత మోటారు తిప్పాను. ఇంటి వైరు వెతికాను.

కట్టి ఉంది.

నాలుగు వేళ్ల ముక్క చేర్చి ఉంది. టేపు ఒలిచాను. మైనం దారం. వేలితో తడిమాను. దారం... ఎడమకు తిరిగి ఉంది.

“ఆచారీ, ఈ వైర్లు ఎవురైనా ముట్టినారా?”

“నేను కొన్నాక ఎవురూ ముట్టల్యా. ఆపితే సక్కంగా కిందికి వచ్చేటివి, నిన్నటిదాకా.”

ఇంకొకటి. మైనం మెత్తగా ఉంది. ఇప్పుడే చుట్టినట్టు వేలికి అంటింది. బండి పొద్దున్నుంచీ కదల్లేదు, ఇంజను చల్లగా ఉంది. ఉస్తాద్ పోయి ఏడాది దాటింది.

కొత్త మోటారు బిగించాను. ఇంటి వైరు ముందు కట్టాను. ఆచారి స్విచ్చి వేసి ఆపాడు. రెండు కడ్డీలూ కలిసి వెళ్లి వాటి చోట పడుకున్నాయి. ఆయన సంతోషపడ్డాడు. ఆ ముడి ఉన్న ముక్క కత్తిరించి నేను జేబులో వేసుకున్నాను.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఉస్తాద్ ఎప్పుడు కట్టాడు? ఆ పది రోజుల్లో పుల్లన్న మళ్లీ షెడ్డుకు వచ్చి, నేను లేనప్పుడు ఆయన కట్టి ఇచ్చి ఉంటే... ఆ చావులో నా తప్పు లేదు. స్టేషను ఆవరణలో, ఇన్‌స్పెక్టరు రాకముందు, నన్ను కాపాడాలని కట్టి ఉంటే... తప్పంతా నాదే. రెండింట్లోనూ ముడి ఒకటే. ఎడమకే తిరుగుతుంది.

ఉండబట్టలేక ఉయ్యాలవాడకు పోయాను. పుల్లన్న భార్య మిరపకాయలు ఆరబోస్తోంది. మూడుసార్లు బస్సు దిగి టీ తాగి వెనక్కి వచ్చినవాణ్ని, నాలుగోసారి ఆమె ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె చాలాసేపు మిరపకాయలు సర్దుతూ ఉంది.

“ఆయప్ప ఒకతూరి అన్యాడు నాయనా. వైపరు కండ్ల ముందర నిలబడ్తాంది, నంద్యాలకు పోయి సరిచేపిచ్చుకోవాల అని.”

“పోయినాడామ్మా?”

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. గుర్తు చేసుకోవడానికి చానా ప్రయత్నం చేసింది, పాపం. నా కోసమే చేసింది.

“గుర్తుకు రాల్యా నాయనా” అంది.

ఆ నాలుగు వేళ్ల వైరు ముక్క ఇంట్లో రేకు డబ్బాలో ఉంది. ఇన్నేళ్లయింది. కావాలంటే రేపు రండి, చూపిస్తా. వేలు పెట్టి చూడండి. మైనం ఇంకా మెత్తగానే ఉంది.