అమ్మ రంగేసిన జంపఖానా

కాఫీ ఒలికిన రగ్గుకు ఇవాళ ఇంట్లోనే రంగు వేస్తున్నాను. బకెట్లోంచి ఉప్పు కలిసిన రంగునీళ్ల ఆవిరి ముక్కుకు తగలగానే నగరిలోని మా పెరడు గుర్తొచ్చింది.

మీ వీధిలోనూ అందరి శుభకార్యాలకూ తిరిగే జంపఖానా ఒకటి ఉండేది కదా? మా వీధిలో అది మాదే. ఒకసారి ఎవరి సీమంతంలోనో దానిమీద సాంబారు ఒలికి పెద్ద మచ్చ పడింది. ఆ తర్వాత ఎదురింటి అత్త వాళ్లు దాన్ని తీసుకెళ్లి, చెప్పులు విడిచే చోట పరిచారు. అమ్మ అది చూసింది.

మగ్గం నేసే మా నాయన, నూలుకు వేయగా మిగిలిన మెరూన్ రంగు తెచ్చాడు. స్నానాలకు నీళ్లు కాచే అండాలోనే అమ్మ ఆ రంగు కలిపి, గుప్పెడు రాళ్లుప్పు వేసి, జంపఖానాను కర్రతో తిప్పుతూ ఉడికించింది. తర్వాత కొన్నాళ్లు మా స్నానాల నీళ్లూ ఎర్రగానే కాగాయి!

తన కూతురి తాంబూలాలకు జంపఖానా కావాలని ఎదురింటి అత్తే మళ్లీ వచ్చింది.

"ఏం వదినా, కొత్తది తెచ్చినారా?"

అమ్మ నవ్వి చేతికిచ్చింది. ఈసారి దాన్ని నట్టింట్లో పరిచారు.

"మచ్చ యాడికి పోయింది మా?" అని అమ్మ చెవిలో అడిగాను.

"యాడికీ పోలేదు, ఆడనే ఉండాది. సూడు, దానిమీదే పెండ్లికొడుకు కూర్చోనుండాడు."