పసుపు పెట్టని చీర

మా మేనత్త పోయిందన్న కబురు మణుగూరులో మా క్వార్టరుకు పొద్దుటి బస్సులో వచ్చింది. నాకు ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ముందు నా చెయ్యి కొంగుకు కట్టుకున్న తాళంచెవి మీదికి పోయింది.

ఈ ఇరవయ్యేళ్లలో భద్రాచలం వెళ్లినవాళ్లు ఆమెను చూసే ఉంటారు. గోదావరి గట్టుకు దగ్గర్లో, ఒక పాత బంగళాలో పాతకాలపు బట్టల మ్యూజియం ఉంది. దర్శనం అయ్యి, బస్సుకు ఇంకా టైముంటే జనం అందులోకి వచ్చేవారు. తలుపు తీసేది, బొమ్మలకు చీరలు కట్టేది, అద్దాల మీద చేతులు పెట్టిన పిల్లల్ని కసిరేది మా అత్తే.

చిన్నప్పుడు నేను మొదటిసారి వెళ్లిన రోజు, తాళం తీసి ఆమె వెంటనే లోపలికి పోలేదు. గట్టిగా దగ్గి కాసేపు నిలబడింది.

“ఎందుకత్తా?”

“లోపల ఆడోళ్లు బట్టలు మార్చుకుంటుండొచ్చు గదనే. చెప్పకుండ పోతే మర్యాదేనా?”

నవ్వుదామని ఆమె మొహం చూశాను. ఆమె నవ్వడం లేదు.

లోపల కలరా ఉండల వాసన, మొహాల్లేని బొమ్మలు. దొరసానుల మఖమల్ రవికలు, జరీ పరికిణీలు. ఎంత పాత బట్టకైనా ఒక మూల పసుపు మరక ఉంది. కొత్తబట్ట కట్టేముందు మనం పెట్టేదే. అద్దాల బీరువాలో బొమ్మకు కట్టిన ఒక్క నిమ్మపండు రంగు పట్టుచీరకే లేదు. పెళ్లికని నేయించారట. ముహూర్తానికి ముందే పిల్ల జ్వరంతో పోయింది. ఇంట్లో ఉంచుకోలేక, తగలబెట్టడానికి మనసొప్పక వాళ్లు దాన్ని ఇక్కడ ఇచ్చిపోయారు.

ఆ చీర కుచ్చిళ్లు మాత్రం నిలిచేవి కావు. సాయంత్రం సర్ది తాళం వేస్తే పొద్దుటికి జారి ఉండేవి. గాలేమో అన్నాను.

“అద్దాల బీరువాల గాలేంది? ఆ చీర కట్టించుకోనీకి చూస్తున్నది పాపం. పసుపు లేక ఆగుతున్నది.”

“అయితే పెట్టేద్దాం.”

“పెడితే కట్టుకునే మనిషి రావాలె. ఎవర్ని తెస్తవ్, నిన్నా?”

ఆ తర్వాత చాలా రోజులు వంటింట్లో పసుపు డబ్బా ముట్టాలన్నా నాకు భయమే.

నాకు చీర కట్టడం నేర్పింది ఆమే. “జల్దీ పడకు. బట్టకు గూడ నువ్వెవరో తెల్వాలె గద,” అనేది. నాకున్న కాస్త నిదానం ఆమె పెట్టిన భిక్ష.

దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు తాళంచెవి నా కొంగుకు ఆమే కట్టింది.

“నేను పోయినంక దానికి పసుపు పెట్టు.”

“పెట్టొద్దంటివి గదత్తా.”

“అవ్. అప్పుడు కబురు చెప్పనీకి మనిషి లేదు. ఇప్పుడు నేనే పోతున్న గద. ఆ పిల్ల కనబడితే చెప్త, చీర తయారున్నదని.”

దినాలయ్యాక ఒక మధ్యాహ్నం వెళ్లాను. దగ్గి, లోపలికి పోయి, బీరువా తెరిచి, చీర కొంగు మూల పసుపు అద్దాను. ఏమీ జరగలేదు. అత్త మాట చెల్లించానన్న తృప్తితో తాళం వేసి మెట్లు దిగాను.

పసుపు గిన్నె లోపలే మరిచానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. తాళంచెవి పెట్టబోతుంటే లోపల పట్టుచీర గరగరమంది. ఆగింది. మళ్లీ గరగరమంది. ఒక్కో కుచ్చీ, ఏ తొందరా లేకుండా.

తలుపు తీయలేదు. గట్టిగా ఒకసారి దగ్గి, కట్టుకోవడం అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాను.