భాగహారం బాబాయ్

అంకె కనిపిస్తే దాని కులగోత్రాలు తేల్చకుండా ఊపిరి పీల్చలేని మనిషి మా భాగహారం బాబాయ్. నాకు చుట్టమేమీ కాదు. పార్సిళ్ల గోదాములో నాది ఆయన పక్క బల్ల. గోదామంతటికీ ఆయన బాబాయే.

రాంగ్ నంబరు ఫోనొచ్చినా పెట్టేయడు. "మీ నంబరు చెప్పమ్మా... ఆహా, పదకొండుతో నిశ్శేషంగా పోతోంది!" అవతల ఆవిడ విసుక్కుంటుంటే ఇక్కడ ఈయనకి ఆనందబాష్పాలు. ఒకసారి లిఫ్టు మధ్యలో ఆగిపోయి అందరం దేవుణ్ణి తలుచుకుంటుంటే, గోడమీది తయారీ నంబరు చూసి, "భయంలేదర్రా, ఇది సమృద్ధ సంఖ్య. దీన్ని భాగించేవన్నీ కలిపితే దీన్నే మించిపోతాయి" అన్నాడు. లిఫ్టు దానికీ కదల్లేదు.

"నా పుట్టినరోజు గుర్తుండదు గానీ, గ్యాస్ సిలిండరు నంబరు ఏ ఎక్కంలో వస్తుందో గుర్తుంటుంది" అని పిన్ని మూతి తిప్పేది.

మా కంపెనీ మనుషుల్ని పేర్లతో పిలిచేది కాదు. మెడలో బిళ్ల, బిళ్లమీద ఏడంకెలు. ఉన్నది వందమందిమి. అంకెలెక్కువుంటే కంపెనీ పెద్దదనుకుంటారని యాజమాన్యం ఆశ. బాబాయ్‌ది 1299708, నాది 1299709.

"నాది రెండుతో పోతుంది, మూడుతో పోతుంది, తొమ్మిదితోనూ పోతుంది. నలుగురితో కలిసే సంఖ్య! నీది ప్రధాన సంఖ్యరా. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ పోదు. ఒంటికాయ శొంఠికొమ్ము!" అని రోజూ పొద్దున్నే కేకేసేవాడు. గోదామంతా నవ్వేది.

కొత్త మేనేజరు వచ్చాడు. ఒకణ్ణి తగ్గించమని పైనుంచి ఉత్తర్వు. అందర్నీ నిలబెట్టాడు.

"మీలో ఎవరితోనూ కలవని నంబరొకటి ఉందట, రోజూ వింటున్నాను. దాన్నే తీసేద్దాం. లెక్కప్రకారం పోయిందంటే నన్నెవరూ అనరు. ఏదయ్యా అది?"

నా బిళ్లని అరచేత్తో కప్పేశాను. మా ఇంట్లో ఉయ్యాల అప్పటికింకా కొత్తది. మిగతావాళ్లందరికీ హఠాత్తుగా లెక్కల్లో మతిమరుపొచ్చింది. బాబాయ్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత మెడలోని బిళ్ల తీశాడు.

"నాదే సార్. అసలుసిసలు ప్రధాన సంఖ్య. సుత్తితో కొట్టినా పగలదు."

మేనేజరు బిళ్లని అటూ ఇటూ తిప్పాడు. "అవునవును, చూస్తేనే తెలుస్తోంది" అని సొరుగులో పడేశాడు. నేను నోరు తెరవబోతే బాబాయ్ నా కాలు తొక్కాడు. నేను చదివిన కాన్వెంటులో లెక్కల్లో ఇంతకంటే చిన్న తప్పుకే సిస్టర్ మోకాళ్లమీద నిలబెట్టేది.

గేటు దగ్గర పట్టుకున్నాను. "బాబాయ్, చివర ఎనిమిదుంది కదా!"

"నెమ్మదిగా అనరా! నా నోటిదురద నీ ఉయ్యాల దాకా రావాలా? ఆయనకి రెండో ఎక్కం గుర్తొచ్చిందంటే నీ ఉద్యోగం గోవిందా" అన్నాడు. ఇంతలో బస్సొచ్చింది. దాని నంబరు చూసి, "ఏడుతో పోతుంది!" అని మురిసిపోతూ ఎక్కేశాడు.

ఆ మేనేజరు తర్వాత చాలా పెద్ద పదవికి వెళ్లాడు. రెండో ఎక్కం మాత్రం, దేవుడి దయవల్ల, ఆయన దరిదాపులకి రాలేదు. నేను ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.