పువ్వు చెక్కమంటే జొన్నకంకి

కడప పాత సమాధుల తోటకు కాపలా ఉండే ఏసన్న, రాళ్ల మీద చెయ్యేసి నిద్రపోతాడని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ, అది ఒట్టి మాట. ఆయన చదువుతుంటాడు. బడి మొహం చూడని ఆయనకు అక్షరాలు నేర్పింది ఆ రాళ్లే. పొద్దున్నే కొబ్బరిపీచుతో నల్లబండలు రుద్ది, కళ్ళు మూసుకుని, అరిగిపోయిన పేర్ల మీద చూపుడువేలు నడిపిస్తాడు. దొరల సమాధుల మీద పాలరాతి దేవదూతలున్నా, ఆయన చెయ్యి ఆగేది మనవాళ్ల బండల దగ్గరే.

మొన్న చర్చి సంఘపెద్దలు పేరు కనబడని సమాధులు చదును చేసి దారి వేస్తామని సున్నంతో గీత గీయించారు. పేర్లు తనకు తెలుసని ఏసన్న చెప్పినా, వేలితో చదివిన చదువును ఎవరు నమ్ముతారు? ఆ కబురు విని కమలాపురం నుంచి కృపమణి పరుగున వచ్చి, తోటంతా తిరిగి అలసిపోయింది.

"మా అవ్వ సుగుణమ్మ యాడుండాది తాతా? రాతి మీద లిల్లీపువ్వు ఉండాదని మాయమ్మ చెప్పేది."

"లిల్లీని యాడ చూసినాడమ్మా మన మేస్త్రీ? పువ్వు చెక్కమంటే, తెలిసిన జొన్నకంకి చెక్కినాడు. రా."

సరిగ్గా సున్నపు గీత కింద ఉంది ఆ బండ. ఆమె కళ్ళు మూయించి, కంకి కింద వేలు నడిపించాడు.

"సు... గు..." అంటూ ఆమే పలికింది.

"ఇంగ నువ్వు గూడా ఈడ నిద్రపోతాండావంటారు లేమ్మా," అని నవ్వాడు ఏసన్న.

పెద్దల ముందు కూడా మనవరాలే అలా చదివాక వాళ్లు కాదనలేకపోయారు. అటు పోయినప్పుడు ఆ దారి జొన్నకంకి దగ్గర పక్కకు తిరిగిందో లేదో కాస్త చూడండి. ఏసన్న కళ్ళు మూసుకుని కూర్చునుంటే, ఎవరి పేరు దగ్గరున్నాడో అడగండి.