అంచు తడిమిన మనిషి

ఒక వ్యాసం చదివి కోపం వచ్చి, ఆ కోపాన్ని కార్డు మీద రాసి, అడ్రసు వెతికి, పోస్టు డబ్బాలో వేసి వచ్చింది మీరు చివరిసారి ఎప్పుడో చెప్పగలరా? నా ఈడు వాళ్లయితే కాసేపు ఆలోచించి చెబుతారు. మొన్న మా మనవరాలు నా పాత హాస్యవ్యాసం ఒకటి బీరువాలోంచి తీసి ఫోనులో పెట్టింది. సాయంత్రానికల్లా దాని కింద పసుపుపచ్చ బొమ్మముఖాలు బారులు తీరాయి, అన్నీ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నవే. "సూడు తాతా, ఎంతమంది నవ్వుతాండారో" అని ఆ పిల్ల తెరను నా కళ్లద్దాలకు ఆనించింది. ఆ వ్యాసం ఆదోనిలో అప్పట్లో కొత్తగా తెరిచిన ఒక పెద్ద హోటల్లో నేను భోంచేసిన వైనం. అందులో ఒక పెద్ద తప్పుంది. ఆ తప్పు వల్ల ఒక మనిషి నలుగురిలో తల ఎత్తుకోలేకపోయాడు. ఇన్ని ముఖాలలో ఒక్కరైనా దాన్ని పట్టుకున్నారేమోనని వేలితో జరుపుకుంటూ చివరిదాకా చూశాను. ఒక్కరూ లేరు.

నిజానికి నేను హాస్యం రాయాలని కలం పట్టినవాణ్ణి కాను. మా కాలంలో ఆదోనిలో ఆదివారం వస్తే బడి వరండాలో వాదసభ జరిగేది. ఆత్మ ఉందని ఒక పక్షం, లేదని ఒక పక్షం, శకునాలు నిజమని ఒకరు, కాదని ఒకరు, ఎంత పెద్దమనిషైనా సరే కారణం చూపకుండా మాట్లాడితే కూర్చోబెట్టేవాళ్లం. ఆ వేడితోనే నేను తాయెత్తుల మీదా, వాస్తు మీదా, పూనకాల మీదా నిప్పులు కక్కుతూ రాసేవాణ్ణి. మా ఊరి వారపత్రికకు మా మేనమామ సంపాదకుడు. ఆయన ఒకరోజు నా కాగితాలు పక్కన పెట్టి, "అల్లుడా, నీ రాత సదివినోనికి అన్నం అరగదప్పా, ఒక్కసారన్నా నవ్వేటట్ల రాయి" అన్నాడు. ఆ మాట రోషం తెప్పించింది. నేను చేసి వదిలేసిన పనులన్నిటి గురించీ ఒక వ్యాసం రాసి ఆయన ముందు పడేశాను.

పత్తి మార్కెట్లో బండ్ల నెంబర్లు అరవడం, నూనె డబ్బాల మీద పేర్లు రాయడం, అన్నిటికన్నా ఘోరంగా నాలాంటి నాస్తికుడు అచ్చాపీసులో కూర్చుని పంచాంగం ప్రూఫులు దిద్దడం, అన్నీ అందులో ఉన్నాయి. నా అజాగ్రత్త వల్ల ఒక నెలంతా రాహుకాలం అరగంట పక్కకు జరిగిందనీ, అయినా ఊళ్లో ఏ పెళ్లీ చెడలేదనీ ఒప్పుకున్నాను. కార్డులు గుట్టలుగా వచ్చాయి. కృష్ణగిరి నుంచి ఒక జ్యోతిష్యుడు నన్ను మూడు తరాల దాకా శపించాడు. కౌతాళం వైపు రైతు ఒకాయన సగం కన్నడం సగం తెలుగులో, ఆ తప్పు అరగంటలోనే విత్తనం వేశాననీ, పత్తి దివ్యంగా పండిందనీ, వచ్చే ఏడు కూడా అట్లాంటి తప్పొకటి దయచేసి వేయించమనీ రాశాడు. ఆ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని మా మేనమామా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. నన్ను తిట్టినవాడూ నా వాడే అనిపించిన రోజులవి.

అన్ని కార్డులలోకీ నేను ఎదురుచూసేది ఎమ్మిగనూరు నుంచి వచ్చేదాని కోసం. అక్కడ ఒక ఇంట్లో నాలుగు గుంటమగ్గాలు వరసగా ఉండేవి. ఆ ఇంటి పెద్దాయన వారానికొకసారి తన మగ్గంలో ఇంకొకరిని కూర్చోబెట్టి, తాను గడప మీద కూర్చుని పత్రిక పైకి చదివేవాడట, తక్కినవాళ్లు నేస్తూనే వినేవాళ్లట. మాట బాగుంటే చేయి దానంతటదే ఆగిపోతుంది. ఏ పేరా దగ్గర ఎన్ని మగ్గాలు ఆగాయో ఆయన గుర్తు పెట్టుకుని కార్డు మీద రాసి పంపేవాడు. "రెండో పేరా కాడ నాలుగూ ఆగినాయి. ఆరో పేరా కాడ ఒకటి గూడా ఆగలేదు, ఆడ మీరు ఊరికే రాసినారు" అని. నేను వెంటనే తీసి చూసుకునేవాణ్ణి. ఆరో పేరా నిజంగానే ఊరికే రాసిందై ఉండేది. అంతకన్నా నిజాయితీగల విమర్శకుణ్ణి ఇంతవరకూ చూడలేదు.

ఆ తర్వాత రాసిందే హోటలు వ్యాసం. మా చిన్నాన్న పత్తి అమ్మిన ఉషారులో నన్ను ఏసీ హాలుకు తీసుకుపోయాడు. దోసెను ముళ్లచెంచాతో పొడవడం, చలికి పళ్లు కొట్టుకుంటుంటే సాంబారు వేడికి చేతులు కాచుకోవడం, ఇవన్నీ మా మీద మేము వేసుకున్న జోకులు. వాటితో ఆగి ఉంటే బాగుండేది. మాకు వడ్డించిన సర్వరు ఒక బక్కపలచని మనిషి. బల్ల ఖాళీ అయినప్పుడల్లా వచ్చి, బల్ల మీది తెల్లగుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుముతూ, పెదవులు కదుపుతూ నడిచేవాడు. తిన్నవాళ్లు గుడ్డ చింపి జేబులో వేసుకుపోయారేమోనని జానలు కొలుచుకుంటున్నాడని రాశాను. వ్యాసమంతటికీ పెద్ద నవ్వు అదే. కార్డులన్నీ దాన్నే మెచ్చుకున్నాయి.

ఎమ్మిగనూరు కార్డు మాత్రం పది రోజులు ఆలస్యంగా వచ్చింది. అందులో ఇంతే ఉంది: "సర్వరు మాట కాడ నాలుగు మగ్గాలూ ఆగినాయి. అందరమూ నవ్వితిమి. మళ్ల తెలిసింది, ఆ మనిషి నా తమ్ముడు. తెలిసిన పొద్దు మగ్గాలు మళ్ల ఆడలేదు."

నేను వాదసభలో పెరిగినవాణ్ణి కదా, ముందుగా నాకు తోచింది జవాబే. హాస్యానికి హద్దులు పెట్టకూడదనీ, పేరు రాయలేదు కాబట్టి ఎవరినీ అవమానించినట్టు కాదనీ రెండు పేజీలు రాశాను. అవి చదివిన మా మేనమామ ఒక్క మాట అడిగాడు. "అదంతా సరేలేప్పా, ఆయప్ప గుడ్డ ఎందుకు తడిమినాడో నీకు తెలుసునా?" తెలియదు. ఊళ్లో ప్రతి మనిషినీ ప్రతిదానికీ కారణం అడిగి విసిగించిన నాకు ఆ ప్రశ్న తోచనే లేదు. రెండు పేజీలూ చించేసి మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను.

పెద్దాయన నన్ను చూసి లేవలేదు, కసురుకోలేదు. తమ్ముడు ఆ గదిలోనే మూల కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. నేత గిట్టుబాటు కాక హోటల్లో చేరినవాడు, నా వ్యాసం తర్వాత తినడానికి వచ్చిన ప్రతివాడూ "ఏమప్పా, గుడ్డ అంతా ఉండాదా, సరిగ్గా సూసుకో" అని ఎగతాళి చేస్తుంటే, యజమాని హాల్లోంచి తీసి పాత్రలు కడిగే దగ్గర వేశాడట. రెండు రోజులు కడిగి ఇంటికి వచ్చేశాడు. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే పెద్దాయన పత్రిక తీసి నా చేతిలో పెట్టి, "మేము సదివితే మాకు నవ్వొచ్చె. మీరు సదవండి, వాడు వింటాడు" అన్నాడు.

చదివాను. ఎన్నో సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఆ గదిలో నా అక్షరాలు నాకే వినబడలేదు. ముళ్లచెంచా దగ్గర తమ్ముడు చిన్నగా నవ్వాడు. సర్వరు మాట దగ్గరకు వచ్చేసరికి నేను ఆగిపోయాను. "సదువు సార్, అది గూడా సదువు" అన్నాడు రాట్నం ఆపకుండా. చదివాక రాట్నం ఆపి చేయి తుడుచుకుని, "ఆ గుడ్డ అంచు బాగలేదు సార్. పోగులు యాడికాడికి వదులు. నేసినోడు ఎవుడో మనసు పెట్టలేదు. హోటలుకు పోతే పోయినాను గానీ, ఈ సేతులు ఊరుకోవు. పట్టుకుంటే పోగుల లెక్క అదే వచ్చాది" అన్నాడు. ఇరవై ఏళ్లు నేసిన చేయి గుడ్డ కనబడితే అంచు పట్టి చూడకుండా ఉండలేదు. కారణం అంతే. అడిగి ఉంటే ఆ రోజే, ఆ బల్ల దగ్గరే చెప్పి ఉండేవాడు.

ఆ కారణాన్ని రాశాను, నా పేరు మీద, నా తప్పుగానే రాశాను. యజమాని అది చదివి మనిషిని పంపినా తమ్ముడు తిరిగి హోటలుకు పోలేదు. కొన్నాళ్లకు కర్ణాటక వైపు ఎక్కడో పనికి పోయాడని విన్నాను. ఆ రెండో వ్యాసం మీద పెద్దాయన కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. "మగ్గాలు ఆగలేదు, నవ్వు లేదు గదా. తమ్ముడు మాత్రము రెండుసార్లు సదివించుకునె." ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆయన రాస్తూనే ఉన్నాడు. ఒక ఏడాది వచ్చేసరికి కార్డులు ఆగిపోయాయి. నందవరం పెళ్లికి పోతూ ఒకసారి దారిలో దిగి చూస్తే ఆ గుంటలు పూడ్చి బండలు పరిచారు, ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో అద్దెకుంటున్నారు.

ఆ రోజులన్నీ మంచివని నేను అనను. అప్పుడూ మూర్ఖత్వం బోలెడంత ఉంది, దానితో పోట్లాడుతూనే నా జీవితం గడిచింది. కానీ అప్పుడు ఒక మాట రాస్తే అది ఒక గదిలోకి పోయి, నలుగురి చెవుల్లో పడి, వాళ్లు దాన్ని తడిమి చూసి, ఇక్కడ బాగుంది, ఇక్కడ చెడింది అని నా ఇంటికి తిరిగి పంపేవాళ్లు. ఇప్పుడు మాట పోతుంది, తిరిగి రాదు. మా మనవరాలు పెట్టింది ఆ హోటలు వ్యాసం మాత్రమే. తప్పు ఒప్పుకున్న రెండోదాన్ని కూడా దాని కిందే పెట్టమన్నాను. పెట్టింది, దానికి ఒక్క ముఖమూ రాలేదు. నేను ఇంకా రోజూ అడుగుతున్నాను, ఎవరైనా ఏమైనా రాశారా అని.

మీరు మాత్రం ఒక పని చేయండి. రేపు పొద్దున మీ ఫోనులోకి ఎవడో బతుకుదెరువు కోసం తిప్పలుపడే మనిషి చేతులనో, నడకనో, తిండినో చూపించి నవ్వించే ముక్క వస్తుంది, వచ్చి తీరుతుంది. దాన్ని ఎవరికీ పంపకండి. ఆ మనిషి అట్లా ఎందుకు చేస్తున్నాడో, అంతకుముందు ఏం పని చేసి వచ్చాడో, కనుక్కోండి. కనుక్కున్న తర్వాత కూడా నవ్వు వస్తే, అప్పుడు నవ్వండి.